కాకతాళీయము – చరిత్రగమనము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సంఘమువారు మమ్ము ఈ వేదికపైకి పిలిచి చరిత్రమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని యాజ్ఞాపించిరి. మేము బ్రతుకంతయు బడిపంతులుగా గడపినవారము. చదివినది సంస్కృతము, చెప్పినది తెలుగు. పాఠశాలలో ఉపాధ్యాయుల కొఱతవలన చరిత్రపాఠమును గూడ పెక్కేండ్లు చెప్పవలసివచ్చెను. ఆ యనుభవమును బట్టియే సంఘమువారి యాజ్ఞను శిరసావహించితిమి.

ఇట్టి సభలలో చరిత్రమనగా పూర్వుల గొప్పతనమును వర్ణించుట ఆచారము. ఆ పని మాకంటె బాగుగ చేయగల పెద్దలు ఈ సభలోనే కలరు. మేము వేఱొక ప్రశ్నను మీ ముందుంచదలచితిమి. జరిగిన చరిత్రము జరిగియే తీరవలసినదా? లేక వెండ్రుకవాసిలో మఱియొక విధముగ జరుగవలసినది ఇట్లు జరిగినదా? ఇది పండితులు తీఱికవేళ ముచ్చటించుకొను వట్టి ప్రశ్న కాదు. దీనికి మనము చెప్పుకొను సమాధానమును బట్టి మన పిల్లలకు మనము నేర్పు బుద్ధి యుండును. మన సంఘము చేయు పని యుండును. అది యెట్లో క్రమముగ విన్నవింతుము.

మన శాస్త్రకారులు రెండు న్యాయములను చెప్పిరి. మొదటిది కాకతాళీయ న్యాయము. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. ఆ క్షణముననే పండు రాలినది. కాకి వ్రాలుటచేత పండు రాలలేదు. పండు రాలునని యెఱిగి కాకి వ్రాలలేదు. రెండును కలిసివచ్చినవి, అంతే. రెండవది ఘుణాక్షర న్యాయము. పురుగు కఱ్ఱను దొలుచుచు పోవగా ఒక్కొక్కచో అక్షరమువంటి గీత యేర్పడును. పురుగునకు అక్షరములు తెలియవు. కాని చదువు వచ్చినవాడు దానిని చూచి, చదివి, అర్థము గూడ చెప్పును. చరిత్రము చదువునప్పుడు మనము తఱచుగ ఈ చదువరివంటి వారము. కాలము తొలిచిన గీతను చూచి, ఇది ఇట్లే వ్రాయబడవలసినదని నిర్ణయింతుము.

ఒక్క యుదాహరణము తీసికొందము. బడిపుస్తకములలో, మొగలాయి సామ్రాజ్యమును 1526 లో బాబరు స్థాపించెననియు, అక్బరు విస్తరింపజేసెననియు, ఔరంగజేబు తరువాత అది క్షీణించెననియు రెండు పంక్తులలో నుండును. ఆ రెండు పంక్తులు చదివిన బాలునకు అది రాజమార్గమున నాటిన మైలురాళ్లవలె కనబడును. ఆ మార్గమున 1526 మొదలు 1556 వఱకు గల ముప్పదియేండ్ల దూరమును మాత్రము కాలినడకను పోయి చూతము.

1526 ఏప్రిలు 21 న పానిపట్టున బాబరు ఢిల్లీ సుల్తానగు ఇబ్రహీము లోడీని గెలిచెను. నాలుగేండ్లకే, 1530 లో, మరణించెను. కుమారుడు హుమాయూను సింహాసన మెక్కెను. 1539 జూను 26 న, గంగలో కర్మనాశ కలియుచోటికి చేరువ, చౌసాయను గ్రామముకడ, ఆఫ్గను నాయకుడగు షేర్ఖాను తెల్లవాఱక మునుపే అతని శిబిరముపై విఱుచుకొనిపడెను. సైన్యము నిద్రలో నుండెను. హుమాయూను గుఱ్ఱముతో గంగలో దుమికెను. ప్రవాహమున గుఱ్ఱము తప్పిపోయెను, పాదుషా మునుగుచుండెను. అప్పుడు నిజామను నొక భిస్తీ, నీళ్లు మోసి బ్రతుకువాడు, గాలి నింపిన తన తోలుతిత్తి నందించి అతనిని ఒడ్డు చేర్చెను. ఎందఱో సరదారులు నీటిపాలైన ఆ యుదయమున పాదుషా బ్రతికిన దొక తోలుతిత్తిచేత. ఆ కృతజ్ఞతచే హుమాయూను ఆ భిస్తీని తన సింహాసనముపై కూర్చుండబెట్టెననియు, రెండు దినములు రాజ్యాధికార మిచ్చెననియు అతని చెల్లెలు గుల్బదన్ బేగము వ్రాసినది.

మరుసటి యేడు, 1540 మే 17 న, కనౌజుకడ హుమాయూను మరల ఓడెను. షేర్ఖాను షేర్షాయై ఢిల్లీ నేలెను. హుమాయూనునకు దేశములో నిలువనీడ లేకపోయెను. సింధుదేశపు టెడారులలో తిరిగి తిరిగి, నిండు గర్భిణియగు భార్య హమీదాబానుతో 1542 లో ఉమర్కోట చేరెను. అచ్చటి రాణా రాజపుత్రుడు. రాజ్యభ్రష్టుడై వచ్చిన పరమతస్థుని పొమ్మనక తన కోటలో చోటిచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరు 15 న ఆ కోటలో అక్బరు పుట్టెను.

పుట్టిన బిడ్డకు ఏడాది నిండి కొలది నెలలు గడచెనో లేదో, 1543 లో, సవతి తమ్ముడగు అస్కరీ పట్టుకొనవచ్చుచున్నాడని తెలిసి, హుమాయూను దంపతులు బిడ్డను శిబిరమున విడిచి పాఱిపోయిరి. శత్రువునకు చిక్కిన రాజపుత్రుని గతి యా వంశములలో నెట్లుండునో చరిత్రము చదివినవా రెఱుగుదురు. కాని అస్కరీ యా బిడ్డను చంపలేదు. కాందహారునకు కొనిపోయి తన భార్య కప్పగించెను. ఆమె ప్రేమతో పెంచెను. ఇటు హుమాయూను పారశీక దేశము చేరి షా తహమాస్పు నాశ్రయించెను. ఆ షా ఆశ్రయ మిచ్చుటయేగాక సైన్యమును గూడ ఇచ్చెను. 1545 లో కాందహారును, పిమ్మట కాబూలును హుమాయూను చేజిక్కించుకొనెను. మఱియొక తమ్ముడు కమ్రాను కాబూలును తిరిగి పట్టుకొనగా, 1547 లో హుమాయూను దానిని ముట్టడించెను. అప్పుడు కమ్రాను నాలుగేండ్ల అక్బరును కోటగోడపై, ఫిరంగుల యెదుట నిలిపెనని అబుల్ ఫజలు వ్రాసెను. ఒక్క గుండు తగిలినచో మనకు అక్బరను పేరే తెలియదు.

అంతకుముందే, హుమాయూను కాందహారునకు తిరిగివచ్చిన ఆ 1545 వ సంవత్సరముననే, మే 22 న, బుందేలుఖండమునందలి కాలింజరు కోటను ముట్టడించిన షేర్షా చనిపోయెను. శత్రువు చంపలేదు, రోగము చంపలేదు. తన సైనికులు విసరిన బాణసంచా యొకటి కోటగోడకు తగిలి తిరిగివచ్చి తన మందుగుండు గుట్టపైననే పడెను. ఆ మంటలో షేర్షా కాలెను. కోట పట్టుబడెనను వార్త విని ప్రాణము విడిచెనందురు. అయిదేండ్లు మాత్రమే యేలి, ఆ యైదేండ్లలో హిందూదేశమునకు క్రొత్త పరిపాలనమును నేర్పిన ప్రభువు గోడకు తగిలి వెనుకకు వచ్చిన నిప్పుచేత పోయెను.

అతని కుమారుడు ఇస్లాంషా ఎనిమిది తొమ్మిదేండ్లు గట్టిగానే పాలించి మరణించెను. ఆయన కొడుకు ఫిరోజు పండ్రెండేండ్ల బాలుడు. కొలది దినములలోనే స్వంత మేనమామ ఆ బాలుని చంపి ఆదిల్షాయను పేర రాజయ్యెను. దానితో షేర్షా రాజ్యము నలుగురి మధ్య నాలుగు తునకలయ్యెను. ఆ చీలికనుండియే హుమాయూను లోనికి రాగలిగెను. 1555 జూను 22 న సర్హిందుకడ గెలిచి, జూలైలో ఢిల్లీ ప్రవేశించెను. పదునైదేండ్లు పరాయి నేలల తిరిగి సంపాదించిన సింహాసనము. దానిపై కూర్చున్నది ఆఱు నెలలు. 1556 జనవరిలో నొక సాయంకాలము తన గ్రంథాలయపు మెట్లు దిగుచుండగా ప్రార్థనకు పిలుపు వినబడెను. ఆగి మోకరిల్లబోగా అంగీ కాలికి తగుల్కొని పడి, మూడు దినములకు మరణించెను. సైన్యము చెదరునను భయముచే మంత్రులు రెండు వారములకు పైగా ఆ మరణమును దాచి, పాదుషా పోలికగల యొకనికి రాజవస్త్రములు తొడిగి దూరమునుండి ప్రజలకు చూపిరి. ఫిబ్రవరి 14 న పంజాబునందలి కలనౌరులో పదుమూడేండ్ల అక్బరునకు పట్టము కట్టిరి.

ఇప్పుడు రంగముమీదికి హేమూ వచ్చుచున్నాడు. వర్తకుల యింట పుట్టినవాడు. రేవాడిలో చిన్న వ్యాపారము చేసినవాడు. ఇస్లాంషా కాలమున బజారుపై నధికారియై, ఆదిల్షాకు ముఖ్యమంత్రియై, సేనాపతియై, ఇరువదిరెండు యుద్ధములు గెలిచెనని ఖ్యాతి గన్నవాడు. కులవృత్తి త్రాసు పట్టుట, చేతబట్టినది కత్తి. 1556 అక్టోబరు 7 న తుగ్లకాబాదుకడ మొగలాయి సేనాని తర్దీబేగును తఱిమి ఢిల్లీని పట్టి, విక్రమాదిత్య బిరుదము ధరించెను. అక్బరుని సరదారులలో పెక్కుఱు, కాబూలునకు మఱలిపోవుటయే మేలనిరి. ఒక్క బైరాంఖాను మాత్రము యుద్ధమే కర్తవ్యమని పట్టుబట్టెను. నవంబరు 5 న పానిపట్టున సైన్యములు తారసిల్లినవి. అంతకు ముందే హేమూ ముందుగా పంపిన ఫిరంగులను ఆలీకులీఖాను దండు ఒడుపుగా పట్టుకొనెను. అయినను హేమూ గజబలముతో శత్రువుల రెండు పార్శ్వములను చెదరగొట్టెను. జయము చేతికందునట్లుండెను. ఆ సమయమున నెవ్వడు వేసెనో యొక బాణము వచ్చి ఏనుగుపై నున్న హేమూ కంటిలో నాటుకొనెను. ఆయన అంబారిలో ఒఱిగెను. నాయకుడు కనబడకపోగానే సేన చెల్లాచెదరయ్యెను. ఆ సాయంకాలమునకు అక్బరు హిందూస్థానపు పాదుషా. తరువాత 1605 వఱకు దాదాపు ఏబదియేండ్లు ఏలెను.

అయ్యలారా! ఒకమాఱు లెక్కవేయుదము. తోలుతిత్తి యొకటి; ఉమర్కోట రెండు; పినతండ్రి దయ మూడు; పారశీకపు షా సాయము నాలుగు; కాబూలు కోటగోడ యైదు; కాలింజరు నిప్పు ఆఱు; ఫిరోజు హత్య యేడు; దాచిన మరణవార్త యెనిమిది; పట్టుబడిన ఫిరంగులు తొమ్మిది; కంటిలోని బాణము పది. ఒక్కొక్కచోట రెండు దారులు మాత్రమే కలవనియు, రెండును సరిసమానమనియు అనుకొందము. పది చోట్లకు రెండును పదిమాఱులు హెచ్చవేసినచో 1024 దారులు వచ్చును. జరిగినది వానిలో నొక్కటి. ఇది కచ్చితమైన లెక్క కాదు. రాజుల బ్రతుకులు బొమ్మాబొరుసుల యాట కావు. కాని జరిగిన దారి యెంత సన్ననిదో తెలియుట కీ లెక్క చాలును. ఆ యైదు నూఱుల పుటల చరిత్రగ్రంథము ప్రక్కన వ్రాయబడని వేయిన్నిరువదిమూడు గ్రంథములు కలవని తలచుకొనుడు.

ఇక్కడ మీలో నొకరు లేచి, "పంతులుగారూ! అంతయు కాకతాళీయమే యనినచో కారణములు లేవా? చరిత్రము చదువనేల?" యని యడుగవచ్చును. యుక్తమైన ప్రశ్నయే. బడిలో తెలివిగల పిల్లలు మమ్ము ఈ ప్రశ్నయే యడుగుచుండిరి. దానికి మా సమాధాన మిది.

షేర్షా చనిపోయెను, పది పదునొకండేండ్లలో నతని వంశమును ఢిల్లీనుండి తొలగిపోయెను. కాని అతడు చేసిన పనిలో నేది పోయినది? అతడు భూములను కొలిపించి, పైరును బట్టి పన్ను నిర్ణయించు పద్ధతి నేర్పఱచెను. ఆ పద్ధతిని అక్బరు కాలమున తోడరమల్లు సవరించి 1580 ప్రాంతమున పదియేండ్ల సరాసరి శిస్తుగా స్థిరపఱచెను. ఆ తోడరమల్లు యౌవనమున షేర్షా కొలువుననే పని నేర్చినవాడు. షేర్షా దాదాపు 178 గ్రెయినుల తూకముగల వెండి రూపాయిని ముద్రింపించెను. మొగలాయిలు దానినే నడపిరి. 1835 లో ఆంగ్లేయుల కంపెనీవారు ముద్రించిన రూపాయి 180 గ్రెయినులు. రాజులు మాఱిరి, వంశములు మాఱినవి, ఆ తూకము మాత్రము దాదాపుగ మాఱలేదు. బంగాళమునుండి సింధుప్రాంతము వఱకు అతడు బాగుచేయించిన బాట, దానిపై సత్రములు అట్లే నిలిచినవి.

దీనిని బట్టి మనము రెండు విషయములను వేఱుపఱుపవచ్చును. పల్లమునకు నీరు పాఱుట యొకటి. ఏ పాయగా పాఱుననుట మఱియొకటి. గోదావరి ఎట్లయినను సముద్రమునే చేరును. కాని ఏ లంక నిలుచునో, ఏ యూరు కోతపడునో, ఒక్క చెట్టు అడ్డుపడుటపై నాధారపడియుండును. ఢిల్లీని గెలిచిన వాడెవ్వడైనను శిస్తు కొలతలు, నాణెము, బాటలు లేక నిలువజాలడు. అది పల్లము. ఆ గెలిచినవాడు హేమూయా, అక్బరా, షేర్షా మనుమడా యనుట పాయ. పల్లమునకు కారణములు కలవు, వానిని చదువవలెను. పాయకు కాకతాళీయము కలదు, దానిని మఱవగూడదు. మన పెద్దలు దైవము, పురుషకారము అను రెండింటిని రథమునకు రెండు చక్రములవలె చెప్పుటలో నున్న రహస్య మిదియే.

మఱి ఢిల్లీవారి గొడవ మన తెలుగువారి కేల యందురా? ఆ బాణము మన నేలనుగూడ తాకెను. తాకుటకు నూటముప్పదియొక్క యేడు పట్టినది. అక్బరుని మునిమనుమడగు ఔరంగజేబు 1687 లో గోలకొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించెను. కోట బలిమిచే లొంగలేదు. సెప్టెంబరులో నొక రాత్రి అబ్దుల్లాఖాను పణీ యను లోపలి యధికారి లంచము గొని దిడ్డితలుపు తీసెను. తానీషా దౌలతాబాదు చెఱకు పోయెను. పిమ్మట మొగలాయిల దక్కను సుబేదారుగా వచ్చిన నిజాముల్ముల్కు 1724 లో స్వతంత్రుడయ్యెను. ఆ వంశమువారు ఉత్తర సర్కారులను 1753 లో ఫ్రెంచివారి కిచ్చిరి. 1766 నాటి సంధిచే అవి ఆంగ్లేయుల పాలయ్యెను. 1800 లో కడప, బళ్లారి మొదలగు దత్తమండలములు పోయెను. తెలుగువారు రెండు పాలనముల క్రింద, రెండు రాజభాషల నీడను పెరిగిరి. 1948 లో హైదరాబాదు భారతదేశమున చేరుట, 1953 లో ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1 న ఆంధ్రప్రదేశము, 2014 జూను 2 న తెలంగాణ రాష్ట్రము - ఇవి యన్నియు ఆ పాత గీతల వెంబడి జరిగిన కూడికలు, తీసివేతలు.

ఆ బాణము గుఱి తప్పినచో గోలకొండ నిలిచియుండెడిదని మేము చెప్పుటలేదు. మొగలాయిల పేరైనను లేని కాలమున, 1310 లో మాలిక్ కాఫూరును, 1323 లో తుగ్లకు సేనలును ఓరుగంటికి వచ్చినవి గదా! ఢిల్లీలో బలవంతుడగు ప్రభువున్నప్పుడు దక్షిణముపై కన్నువేయుట పల్లము. కాని ఏ యేట, ఏ సుబేదారు వచ్చి, ఏ జిల్లాను ఎవ్వరికిచ్చి, ఏ యూరిని ఏ హద్దునకు ఈవల నుంచెననుట పాయ. మనలో నొకరి తాత ఉర్దూలో పహాణీ చదువుకొనుట, మఱియొకరి తాత ఇంగ్లీషులో పట్టా చదివించుకొనుట ఆ పాయవలన కలిగినవే.

ఇంకొక విషయము కలదు. ఈ కథయంతయు మనకు తెలియుట కూడ నొక కాకతాళీయమే. హుమాయూనునకు చేతులపై నీళ్లు పోయు జౌహరను సేవకుడు ముసలితనమున తన జ్ఞాపకములను గ్రంథముగ వ్రాసెను. గుల్బదన్ బేగము వ్రాసిన గ్రంథము, లండనులో భద్రపఱుపబడిన యొక్క ప్రతి యాధారముగ 1902 లో ఆంగ్లభాషలో వెలువడినది. ఆ ప్రతియు తుదిదాక లేదు, నడుమనే తెగిపోయినది. మన సంస్కృతమున నింకను దగ్గఱి యుదాహరణము కలదు. కౌటిల్యుని యర్థశాస్త్రము పేరు దండి మొదలగువారి గ్రంథములలో వినబడుచుండెనేగాని గ్రంథము కనబడుట లేదు. 1905 ప్రాంతమున తంజావూరు జిల్లా పండితు డొకరు ఒక తాటియాకుల కట్టను మైసూరు ప్రాచ్యపుస్తక భాండాగారమున కిచ్చిరి. అచ్చటి గ్రంథపాలకులు ఆర్. శామశాస్త్రిగారు దానిని గుర్తించి 1909 లో అచ్చువేయించిరి. దేశదేశముల పండితులు శామశాస్త్రిగారి నెఱుగుదురు. ఆ కట్టను పొయ్యిలో వేయక, ఏటిలో కలుపక, మోసికొనివచ్చి యిచ్చిన పండితుని మాత్రము లోకమెఱుగదు. చౌసాకడ తోలుతిత్తి నందించిన భిస్తీకి ఇతడు సోదరుడు.

ఇక మన సంగతికి వచ్చెదము. ఇంతవఱకు చెప్పినదానినుండి మనము నేర్చుకొనవలసినవి మూడు కలవని మాకు తోచినది.

మొదటిది: గెలుపును చూచి యోగ్యతను, ఓటమిని చూచి అయోగ్యతను నిర్ణయింపరాదు. హేమూ ఓడెను, అందుచే అక్బరుకంటె తక్కువవాడని చెప్పుటకు వీలులేదు. ఆయన కంటికిని బాణమునకును నడుమ నున్నది బెత్తెడు ఎడము మాత్రమే. మన సంఘములోను ఇంతే. ఒకరి ముత్తాతకు మాగాణి యుండెను. కాలువ ఆ పొలము ప్రక్కనుండి పోయెను. ఆ యింట నేడు వైద్యులు, న్యాయవాదులు. మఱియొకరి ముత్తాత పొలము వరదలో కొట్టుకొనిపోయెను, లేక కఱవునాడు వ్రాసిన దస్తావేజు తిరిగి రాలేదు. ఆ యింట నేడు కూలి. ఇరువురిదియు ఒక్క గోత్రమే, ఒక్క ఇంటిపేరే. ఉన్నవారు ఇది మా పూర్వజన్మ సుకృతమని గర్వింపను గూడదు. లేనివారు ఇది మా నుదుటివ్రాత యని కుమిలిపోను గూడదు. మన కులమునకు వెలుపలివారిని చూచునప్పుడును ఈ బుద్ధియే యుండవలెను. నుదుటివ్రాత యని మనము చెప్పుకొనునది పలుచోట్ల ఘుణాక్షరమే. చదివినవాడు మనవాడేగాని వ్రాసినవాడు లేడు.

రెండవది: ఎచ్చట కార్యమంతయు ఒక్కనిపై వ్రేలాడుచుండునో అచ్చట కాకతాళీయము రాజ్యమేలును. హేమూ సేనలో వీరులకు కొదువ లేదు, ఏనుగులకు కొదువ లేదు. కాని అందఱి చూపును ఒక్క అంబారిపైననే. అంబారి ఖాళీగా కనబడగానే అంత సేనయు నీరయ్యెను. షేర్షా శిస్తుపద్ధతికి అట్టి యపాయము రాలేదు. అది లెక్కలలో నుండెను, కొలతలలో నుండెను, వేలమంది కరణముల చేతులలో నుండెను. గోడకు తగిలి వచ్చిన నిప్పు ప్రభువును కాల్చగలిగెనుగాని కవిలెకట్టలను కాల్చలేకపోయెను.

పోషకమహాశయులు క్షమింతురని నమ్మి యొక మాట చెప్పుచున్నాము. మేము బాల్యమున చదివిన సంస్కృత పాఠశాల నొక మహాదాత తన స్వంత ధనముతో నడిపించెను. భోజనము, బట్టలు, పుస్తకములు అన్నియు వారివే. వారు స్వర్గస్థులైన సంవత్సరముననే పాఠశాల మూతపడెను. ఆ దాత యౌదార్యమున లోపము లేదు. కాని పాఠశాల కొక నిబంధనావళి లేదు; మూలధనము లేదు; పదిమంది చందాదారులు లేరు; ఆయన లేనినాడు తాళపుచెవి ఎవరికడ నుండవలెనో కూడ వ్రాసి యుండలేదు. చదువు నడుమ విడిచి ఇండ్లకు పోయిన వారిలో మాకంటె బుద్ధిమంతు లుండిరి. వారిలో నెవ్వరేమి కాగలిగియుండిరో, అది వ్రాయబడని గ్రంథములలో చేరిపోయినది.

మన విద్యార్థి సహాయనిధియు నేడు ఇద్దఱు ముగ్గురు పుణ్యాత్ముల భుజములపై నిలిచియున్నది. వారు శతాయుష్మంతులగుదురుగాక! కాని వారిపై మనకు గల గౌరవమును చూపుటకు మంచి మార్గము, వారి భారమును పంచుకొనుటయే. పది వేల రూపాయలిచ్చు దాత యొక్కడుండుటకంటె నూఱు రూపాయలిచ్చువారు నూర్గురుండుట నిధికి క్షేమము. ఆ నూర్గురిలో పదుగురు తప్పిపోయినను విద్యార్థికి జీతము అందును. లెక్కలు ఏటేట పరిశోధింపబడి అచ్చుపడవలెను. ఎవ్వరు పోయినను పని పోకుండునట్లు ఏర్పాటు వ్రాతలో నుండవలెను. ఈ మహాసభ ఈ విషయమున నొక తీర్మానము చేసినచో, మా యుపన్యాసము వ్యర్థము కాలేదని సంతసింతుము.

మూడవది: చిన్నపనిని చిన్నదని విడువరాదు. చౌసాకడ ఆ భిస్తీ రాజ్యమును నిలుపుదునని తలపలేదు. మునుగువానికి తిత్తి యందించెను. ఆ మేలు మంచికే దారితీసెనా యని యడుగువారును ఉందురు. అది యతడెఱుగడు, ఎఱుగ వలనుపడదు. తన చేతిలో నున్నది తిత్తి. యెదుట నున్నవాడు మునుగుచున్నవాడు. అంతవఱకే ధర్మము. మన యూళ్లలో పరీక్షరుసుము కట్టలేక మునుగుచున్న పిల్లలు కలరు. మగపిల్లవానికి కట్టి, ఆడపిల్లకు చాలునని బడి మానిపించు తల్లిదండ్రులును కలరు. వారిలో నెవ్వరు దేశమునకు ఏమగుదురో మన మెఱుగము. ఎఱుగకున్నను, తిత్తి మన చేతిలో నున్నది.

దీనితో చేరినదే యింకొక చిన్నపని. మీ యటకలమీద, పాతపెట్టెలలో తాళపత్రములు, దస్తావేజులు, దానపత్రములు, పెద్దల యుత్తరములు ఉండవచ్చును. ఇల్లు కట్టునప్పుడు చెత్తతో పాఱవేయకుడు. చదువరాకున్న చదువగలవారికి చూపుడు. ఒక ప్రతి తీయించి సంఘమున కిండు. మన సంఘచరిత్రము వ్రాయవలెనని ఏటేట తీర్మానించుకొనుచున్నాము. పురాణరాజులనుండి వంశావళి యల్లుట సులభము, దాని కాధారమక్కఱలేదు. కాని మన ముత్తవ్వలు ఏ కఱవున ఏమి తిని బ్రతికిరో, ఏ బావి యెవ్వరు త్రవ్వించిరో, మొదట బడికి పోయిన ఆడుబిడ్డ యెవ్వరో - ఇది నిజమైన చరిత్రము. ఇది పోయిన మరల దొరకదు. తంజావూరు పండితుడు ప్రతి యూర నుండడు.

అయ్యలారా! అమ్మలారా! జరిగినది ఇట్లే జరుగవలసినదని నమ్మినవాడు, జరుగబోవునదియు ఎట్లో వ్రాసియున్నదని చేతులు ముడుచుకొని కూర్చుండును. జరిగినది వేయి దారులలో నొక్క దారియని తెలిసినవాడు, జరుగబోవునదానికిని వేయి దారులు తెఱచియున్నవని యెఱుగును. పూర్వుల విషయమున మనకు చేయదగిన దేమియు లేదు. వారి కథను నిజముగ చెప్పుకొనుట మాత్రమే కలదు. రాబోవువారి విషయమున చేయదగినది చాల కలదు. పండు ఎప్పుడు రాలునో మన చేతిలో లేదు. చెట్టు నాటుట మన చేతిలో నున్నది. దాని చుట్టును పదిమందిని కాపుంచుట మన చేతిలో నున్నది.

 సంఘము దినదినాభివృద్ధి చెందుగాక! మన పిల్లలు విద్యావంతులగుదురుగాక!

స్వస్తి.